కామాఠిపురము



బొంబాయి నగరమున కామాఠిపురమను నొక వాడ కలదు. ఆ పేరు వినినంతనే నగరమెరిగినవారు కొందరు తల దించుకొందురు. కొందరు కొంటెగా నవ్వుదురు. ఆడుపిల్లలను కొని తెచ్చి, తాళము వేసి, వారి దేహములతో వ్యాపారము చేయు చోట్లలో నూరేండ్లకు పైగా దేశమంతట పేరుమోసినది ఆ వాడ. అయితే ఆ పేరు తెలుగు పేరు. దానిని మొదట కట్టినవారు తెలుగువారు. ఈ సంగతి మన గ్రామములలో చదువుకొన్న పెద్దలకు సహితము అంతగా తెలియదు గనుక, నేటి ప్రసంగమున ఆ వాడ చరిత్రము కొంత విన్నవింప దలచితిని. విషయము మర్యాదస్థుల నడుమ చెప్పుకొనునది కాదని కొందరనవచ్చును. చెప్పుకొనకపోవుట వలననే అది ఇన్నాళ్లు సాగినదని నా తలంపు.

కామాటి యనగా మన భాషలో మన్ను త్రవ్వువాడు, రాళ్లు మోయువాడు, కూలిపని చేయువాడు. మహారాష్ట్రుల నోట ఆ మాటలోని టకారము వత్తుపలికి కామాఠి యైనది. బొంబాయి మొదట ఏడు దీవుల గుంపు. విలియం హార్న్‌బీ గవర్నరుగా నుండిన దినములలో మహాలక్ష్మి వద్ద సముద్రపు గండికి అడ్డముగా నొక కట్ట వేసిరి. అది 1784 ప్రాంతమున ముగిసినది. పోటునీరు వచ్చి నిలుచుచుండిన పల్లపు నేలలు దానితో పైకి తేలినవి. వాటిని పూడ్చుటకును, బాటలు వేయుటకును, మేడలు కట్టుటకును మనుష్యులు కావలసి వచ్చిరి. అప్పుడు నైజాము రాజ్యము నుండి, ముఖ్యముగా నేటి తెలంగాణపు పల్లెలనుండి, తెలుగు కూలీలును మేస్త్రీలును ఆలుబిడ్డలతో నడచిపోయి అక్కడ గుడిసెలు వేసికొనిరి. వారున్నచోటు కామాఠిపురమైనది. పాలమూరు కూలి చేయి పడని యానకట్ట దేశమున లేదందురు. ఆ వలసకు ఈ కామాఠులు పెద్దన్నలవంటివారు.

వారు కేవలము కూలీలుగానే మిగిలిపోలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో వారిలో కొందరు పెద్ద గుత్తేదారులై నగరమున భవనములు కట్టించిరి. 1848లో పూనాలో ఆడుపిల్లలకు బడి పెట్టిన జ్యోతిరావు ఫూలే, 1873లో సత్యశోధక సమాజమును స్థాపించినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచి ధనసహాయము చేసినవారిలో కామాఠిపురపు తెలుగు గుత్తేదారులుండిరి. ఆడుపిల్ల చదువుకై పాటుపడిన మహనీయుని వెంట నడచినవారి వాడకే, తరువాతి కాలమున ఆడుపిల్లల సంత యని పేరు వచ్చుట విధివిలాసమనవలెనా? విధి యని నేననను. మనుష్యులు చేసిన పని అది. ఏ యేటి నుండి ఎట్లు చేసిరో చెప్పవచ్చును.

బొంబాయి రేవు పట్టణము. నావికులును సైనికులును ఎల్లప్పుడు వచ్చిపోవుచుందురు. మీదుమిక్కిలి, నూలు మిల్లులు లేచినకొలది పల్లెలనుండి మగవారు ఒంటరిగా వచ్చి చేరిరి. ఇరుకు గదిలో పదిమంది పడుకొను చోటికి భార్యను ఎట్లు తెచ్చుకొందురు? 1911, 1921 జనాభా లెక్కలు చూచినచో ఆ నగరమున స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యలో సగమునకు కొంచెము మాత్రమే హెచ్చు. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట ఐరోపా ఖండమునుండి ఓడలు త్వరగా రాజొచ్చెను. ఆ ఓడలలో సరకులతో పాటు తూర్పు ఐరోపాలోని బీద కుటుంబముల యువతులను కూడ తార్పుడుకాండ్రు తెచ్చిరి. దొరతనమువారు ఈ వ్యాపారము నడ్డలేదు. సైనికులకు రోగములు రాకుండ చూచుకొనుటయే వారి చింత. 1868లో అంటురోగముల చట్టమొకటి చేసి, ఈ స్త్రీల పేర్లు పట్టీలలో వ్రాయించి బలవంతముగా వైద్యపరీక్ష చేయించిరి. 1888లో ఆ చట్టము రద్దయినను పోలీసుల పద్ధతి మారలేదు. తెల్ల స్త్రీల గృహములను ఇతర వీథులనుండి తరిమి కామాఠిపురము పక్కనున్న సుఖ్లాజీ వీథికి చేర్చిరి. జనులు దానికి సఫేద్ గల్లీ యని పేరు పెట్టిరి. ఇట్లు ఒక కూలివాడ వేశ్యావాటిక యైనది తనంతట తాను కాదు. పాలకులు ఒక కన్ను మూసి, రెండవ కంటితో కనిపెట్టి యుండుట వలన.

తెలుగు కుటుంబములు ఈ నడుమ ఎక్కడికి పోయినవని మీరడుగవచ్చును. కొన్ని ఇల్లు మార్చుకొనినవి. చాల కుటుంబములకు మార్చుకొనుటకు శక్తి లేదు. అక్కడనే యుండి, తమ గల్లీలో తమ పిల్లలను పెంచుకొనుచు, బంధువులతో చిరునామా చెప్పుటకు సిగ్గుపడుచు బ్రదికిరి. వాడకు చెడ్డపేరు వచ్చినచో దానిలోని ప్రతి యింటికి వచ్చును గదా!

1917లో ఆ ప్రాంతపు డంకన్ రోడ్డున నొక గృహములో, తప్పించుకొని పోవ యత్నించిన స్త్రీనొకతెను చిత్రహింసలు పెట్టి చంపిరి. ఆ విచారణ పత్రికలలో రాగా నగరము ఉలికిపడినది. 1921లో ప్రభుత్వమొక విచారణ సంఘమును వేసినది. 1923లో బొంబాయి వ్యభిచార నిరోధక చట్టము వచ్చినది. అప్పటినుండి చట్టములకు కొదవ లేదు. మన చెన్నరాజధానిలో 1930లో నొకటి. స్వతంత్రము వచ్చిన పిదప రాజ్యాంగపు 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయమును నిషేధించినది. 1950 మే 9న న్యూయార్కులో చేసిన సంతకము ననుసరించి 1956లో దేశమంతటికి నొక చట్టము వచ్చి, 1986లో సవరింపబడినది. 2013లో శిక్షాస్మృతిని సవరించి ఈ నేరమును సవిస్తరముగా నిర్వచించిరి. చట్టములు కావలసినవే. కాని అవి అమలు జరిగినంత కాలము పట్టుబడి జరిమానా కట్టినవారిలో హెచ్చుమంది ఆ స్త్రీలే. కొన్నవాడును అమ్మినవాడును అరుదుగా బోనెక్కిరి.

ఇక నాకు ముఖ్యమని తోచు భాగమునకు వచ్చెదను. చట్టముకంటె వేరైన మార్గమొకటి ఆ వాడ ప్రక్కనే, నాగ్‌పాడాలో, చాల ముందుగనే మొదలైనది. 1896లో బొంబాయికి మహమ్మారి తగిలినప్పుడు, ఇరుకు ఇండ్లే రోగమునకు మూలమని, 1898లో నగరాభివృద్ధి ట్రస్టును స్థాపించిరి. ఆ ట్రస్టు నాగ్‌పాడాలో పాత ఇండ్లు పడగొట్టినది. పడగొట్టుట సులభము, అందలి బీదలు పొరుగు వీథులలో మరింత ఇరుకున దూరిరి. తరువాత ముప్పదేండ్లకు, అమెరికా మరాఠీ మిషనుకు చెందిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనునాయన వేరు తెరగున ఆలోచించెను. ఇల్లు కూల్చుట గాక, ఇండ్ల నడుమ నొక ఇల్లు నిలుపవలెనని ఆయన యూహ. నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్ అను పేర, అనగా ఇరుగుపొరుగిల్లు, నొక భవనమును తెరచిరి. వైద్యము, చదువు, పిల్లలకు ఆట, పెద్దలకు సభ జరుపుకొను చోటు, అన్నియు అక్కడనే. మన పల్లెలోని రచ్చబండయు బడియు వైద్యుని యిల్లును ఒక కప్పు క్రిందికి తెచ్చినట్లు. 1936లో ఆ యింటనే సర్ దోరాబ్జీ టాటా పేర సామాజిక సేవ నేర్పు పాఠశాల ప్రారంభమైనది; మాన్‌షార్ట్ దానికి మొదటి యధ్యక్షుడు. నేటి టాటా సమాజశాస్త్ర విద్యాసంస్థకు మూలమదియే. దేశమునకు సేవాశాస్త్రము నేర్పిన బడి కామాఠిపురమునకు కూతవేటు దూరమున పుట్టినది.

ఆ సంస్థలో చదివిన ప్రీతి పాట్కర్ అను యువతి 1980ల నడుమ కామాఠిపురమునకు పోయి, ఒకే వీథిలో అవ్వ, తల్లి, మనుమరాలు మువ్వురును విటులకై నిలిచియుండుట చూచెను. ఆ దృశ్యమే ఆమెను కదిలించినదని ఆమెయే పలుమారులు చెప్పియున్నది. 1986లో ఆమెయు, ఆమె భర్త ప్రవీణ్ పాట్కరును కలిసి ‘ప్రేరణ’ యను సంస్థను స్థాపించిరి.

ఆ మువ్వురు ఒకచోటికి ఎట్లు వచ్చిరి? అవ్వను ఎవడో పల్లెనుండి తెచ్చి అమ్మియుండును. కొన్న ఘర్‌వాలీ, అనగా ఆ యింటి యజమానురాలు, తాను చెల్లించిన సొమ్మును అప్పుగా ఆ పిల్ల పేర వ్రాసికొనును. తిండికి, బట్టకు, మందునకు, పోలీసుల మామూలుకు మరల అప్పు. సంపాదన అంతయు అప్పు క్రిందికి పోవును. లెక్క చదువరాని పిల్లకు లెక్క చూపువారెవరు? ఏండ్లు గడచి ఆ యప్పు తీరునప్పటికి ఆమె వయసు తీరును. ఊరికి పోవ ముఖము చెల్లదు. ఈలోపల నొక బిడ్డ. ఒకే గది, ఒకే మంచము. తల్లి పని రాత్రివేళ. బిడ్డను మంచము క్రింద పడుకోబెట్టును; ఏడువకుండ నిద్రమందు పోసిన తల్లులును గలరు. లేదా బిడ్డ వీథిలో తిరుగును. ఆ బిడ్డ ఆడుపిల్ల యైనచో, పండ్రెండు పదమూడేండ్లు వచ్చునప్పటికి ఆ వీథిలోనివారే ధర కట్టుదురు. తల్లికి ఇష్టము లేకున్నను అప్పుపత్రము ఇష్టము చేయించును.

ప్రేరణవారు ఈ గొలుసులో ఏ కడియము వద్ద సుత్తి వేయవలెనో కనిపెట్టిరి. అది రాత్రి. 1988లో వారు కామాఠిపురముననే రాత్రిశాల నొకటి తెరచిరి. సాయంకాలము తల్లి బిడ్డను అక్కడ దిగవిడుచును. బిడ్డ అన్నము తిని, పాఠము చదువుకొని, నిర్భయముగా నిద్రించి, తెల్లవారి తల్లి యొద్దకు పోవును. ఇంతే. వినుటకు ఎంత అల్పముగా నున్నది! కాని ఆ పన్నెండు గంటలే బిడ్డ బ్రతుకును నిర్ణయించు గంటలు. దీనితో పాటు పగటి చదువునకు సహాయము చేసి పిల్లలను బడికి పంపిరి. తల్లి యొప్పుకొన్నచో బిడ్డను వాడకు దూరముగా వసతిగృహమున చేర్చిరి. తల్లి యొప్పుకొన్నచో నన్నమాట ముఖ్యము. ఆ తల్లులను వారు శత్రువులుగా జూడలేదు. తన బిడ్డ తనవలె కాకూడదని ముందుగా కోరునది ఆ తల్లియే యని గ్రహించుటలో వారి విజయమంతయు గలదు.

బడిపంతులుగా నాకు బాగుగా తెలిసిన చిక్కు ఒకటి ఇక్కడ చెప్పవలెను. బడిలో చేర్చుకొను పత్రమున తండ్రి పేరు అను గడి యుండును. తక్కిన గడులన్నియు చకచక నిండును. ఆ గడి వద్ద కలము నిలిచిపోవును. అట్టి బిడ్డ తండ్రి పేరు ఎవరు చెప్పగలరు? ఆ యొక్క గడి నిండక వెనుకకు మరలిన బిడ్డలెందరో! తల్లి పేరు చాలునని అధికారులచే ఒప్పించుటయు ఈ సేవకులు చేసిన పనులలో నొకటి. వేశ్యల బిడ్డలకు వేరుగా బడులు, వసతిగృహములు కట్టవలెనని ఒక న్యాయవాది సుప్రీముకోర్టును కోరగా, వేరుగా నుంచుట వారికి మేలు కాదని 1989లో కోర్టు నిరాకరించినది. ఆ మాట నాకు మిక్కిలి సమంజసముగా తోచినది. వేరు బడి యన్నచో వేరు వాడయే గదా!

1996 ఫిబ్రవరిలో, బొంబాయి హైకోర్టు ఆజ్ఞ మీద పోలీసులు కామాఠిపురముపై పెద్ద దాడి చేసిరి. నాలుగువందలకు పైగా స్త్రీలను, బాలికలను పట్టి తెచ్చిరి. వారిలో సగమునకు దగ్గరగా నేపాళదేశమువారు. తెచ్చిన తరువాత ఏమి చేయవలెనో యెవరికిని తెలియలేదు. ఉంచుటకు తగిన గృహములు లేవు. నేపాళ ప్రభుత్వము తీసికొనుటకు వెనుకాడినది. నెలలు గడచిన పిమ్మట అక్కడి స్వచ్ఛంద సంఘములు ముందుకు వచ్చి నూటికి పైగా యువతులను తీసికొనిపోయినవి. దాడి యొక్క రాత్రి పని. తరువాతి పని యేండ్లది.

అదే యేడు మన హైదరాబాదు పాతబస్తీలో మెహబూబ్ కీ మెహందీ యను వేశ్యావాటికను ఖాళీ చేయించిరి. స్త్రీలు దిక్కు లేక చెదరిపోయిరి. అప్పుడు సునీతా కృష్ణన్ అను నామెయు, జోస్ వెట్టికాటిల్ అను క్రైస్తవ సోదరుడును కలిసి ‘ప్రజ్వల’ యను సంస్థను స్థాపించి, ఖాళీయైన ఆ వేశ్యాగృహములలో నొకదానిలోనే ఆ స్త్రీల పిల్లలకు బడి తెరచిరి. మొదటి దినమున అయిదుగురు పిల్లలు. ఏ గదులలో తల్లులను అమ్మిరో ఆ గదులలో పిల్లలు ఓనమాలు దిద్దిరి. ఆ మాట తలచుకొన్నప్పుడెల్ల నా బోటి వృద్ధ పంతులుకు గొంతు పట్టుకొనును.

కలకత్తాలోని సోనాగాఛీ కథ వేరు. అక్కడ డాక్టరు స్మరజిత్ జానా 1992లో రోగనివారణకై ప్రవేశించి, ఆ స్త్రీలనే కూడగట్టెను. 1995లో వారు ఉషా యను సహకార సంఘమును పెట్టుకొనిరి. వడ్డీవ్యాపారి చేతినుండి తప్పుకొనుటకు అంతకంటె గట్టి సాధనము లేదు. పిదప వారు తమలోనుండి కొందరిని, పొరుగున గల పెద్దలు, వైద్యులు మొదలగువారిని కలిపి నియంత్రణ మండలులు ఏర్పరచిరి. వీథికి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లను ఆ మండలి పిలిపించి, వయసెంత, ఎవరు తెచ్చిరి, ఇష్టమున వచ్చితివా యని విచారించును. చిన్నదైనచో, బలవంతముగా వచ్చినదైనచో పంపివేయు నేర్పాటు చేయును. వృత్తిని వృత్తిగా గుర్తింపుడని వారు కోరుదురు. నా సంస్కారమునకు ఆ కోరిక మింగుడు పడదు. ప్రేరణవారును ప్రజ్వలవారును ఆ కోరికకు ప్రతికూలురు. ఆ వాదము నేడు తెగునది కాదు. అయినను, కొత్త ముఖము వీథిలో కనబడగానే ఆరా తీయు పొరుగువారుండుట యెట్టి రక్షయో అందరును ఒప్పుకొనవలసినదే.

ఇప్పటి ప్రభుత్వ పత్రములలో ఈ పాపమునకు మానవ అక్రమ రవాణా యని పేరు. ఈ మాట నాకు రుచింపదు. రవాణా యనునది బస్తాలకు చెల్లును. అక్రమ రవాణా యన్నచో మనుష్యులకు సక్రమ రవాణా యొకటి కలదేమో యని భ్రాంతి కలుగును. అంతకంటె పెద్ద లోపమేమనగా, ఎక్కడికిని కదలకయే ఈ నేరమునకు బలియైన బిడ్డను ఆ మాట కప్పిపుచ్చును. 2000లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో చేర్చుకొనుట, దాచుట, స్వీకరించుట యన్నియు ఈ నేరముననే చేరినవి. కామాఠిపురపు గల్లీలో పుట్టి ఆ గల్లీలోనే అమ్ముడుపోయిన పిల్ల ఒక్క మైలైనను ప్రయాణము చేయలేదు.

ప్రయాణము చేసిన పిల్లలు మన యూళ్ల వారును గలరు. అప్పటి అనంతపురము జిల్లాలో కదిరి చుట్టుపట్ల కరవు పల్లెలనుండి బొంబాయికి, భీవండికి, పూనాకు, ఢిల్లీకి యువతులు పోయిన సంగతి 1990ల నుండి పత్రికలలోను, ప్రభుత్వపు లెక్కలలోను ఉన్నది. తీసికొనిపోవువాడు బుగ్గమీసముల దొంగ కాడు. తరచుగా తెలిసినవాడు, ఒక్కొక్కప్పుడు దూరపు చుట్టము, ఒక్కొక్కప్పుడు అట్లు పోయి తిరిగి వచ్చి మంచి చీర కట్టిన యాడుది. కట్నము వలదని పెండ్లి కుదుర్చును. లేదా ఇంటిపని యని, కుట్టుపని యని చెప్పును. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఈ విషయమై ప్రత్యేక విధానమును ప్రకటించినది. తిరిగి వచ్చిన బాధితులే ‘విముక్తి’ యను సంఘముగా నేర్పడి, తమవంటి వారి పక్షమున అధికారుల ముందు నిలిచి మాటాడుచున్నారు.

పల్లెలో దీని తొలి జాడ బడి హాజరుపట్టీలో కనబడునని నా యనుభవము. ముప్పదేండ్లకు పైగా ఆ పట్టీ నా చేతిలో నుండినది. పెద్ద తరగతి పిల్ల వరుసగా రాకుండును. కొన్ని దినములకు పేరు కొట్టివేయుదురు. పక్కన ‘పెండ్లి యైనది’ యనియో, ‘పట్నమున పనికి పోయినది’ యనియో వ్రాయుదురు. ఆ వాక్యమును చదివి నలుగురు పెద్దలు ఆ యింటికి పోయి అడుగవలసిన ప్రశ్నలు కొద్దివి. ఏ యూరు? ఏ వీథి? పెండ్లికి ఎవరు పోయిరి? పని యిచ్చినవాని పేరేమి? నెల తిరుగకముందే పిల్ల గొంతు వినిరా? జవాబు తడబడినచో 1098 సంఖ్యకు ఎవరైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. పంచాయతి ఖర్చేమియు లేదు.

కామాఠిపురము ఇప్పుడు మారుచున్నది. భూమి ధర పెరిగి, వేశ్యాగృహములు చాలవరకు మూతపడినవి. వాటి స్థానమున తోలుసంచులు కుట్టు చిన్న కర్మాగారములు, దుకాణములు వెలసినవి. పాత ఇండ్లు కూల్చి వాడనంతను తిరిగి కట్టుటకు మహారాష్ట్ర ప్రభుత్వము పూనుకొన్నది. తెలుగు కుటుంబములు కొన్ని నేటికిని ఆ గల్లీలలోనున్నవి. ఆ స్త్రీలు మాత్రము అద్దెకు తాళలేక భీవండివైపునకు, కొత్త బొంబాయివైపునకు జరిగిరి. వారి వెంట ప్రేరణవారును నడచి, వాషి సమీపమున తుర్భేలో నొక రాత్రిశాలను తెరచిరి. సాయంకాలమగుసరికి అక్కడ తల్లులు బిడ్డల చేయి పట్టుకొని వచ్చుచుందురు.